కీచురాళ్ళు ఆగాయా, లేదా?

ప్రొద్దుటూరు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ ఓబులేసూ,

ముందు తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టుకో, తర్వాత చదువు. ఉగాదికి రాస్తానన్నవాణ్ణి, వినాయక చవితి కూడా దాటించేశాను. రోజు విడిచి రోజు ఫోన్లో మాట్లాడుకుంటూ ఉత్తరమేందిరా అంటావు. నిజం చెప్పనా? ఫోన్లో నీ మాటలు నాకు సగమే అందుతాయి. స, ష, చ అన్నీ ఒకటే మాదిరి వినపడతాయి. "ఆ, ఆ" అంటూ ఉంటాను, నువ్వేమో నేను శ్రద్ధగా వింటున్నానని ఇంకో పావుగంట లాగుతావు. అందుకే ఇది కాగితం మీద చెప్తున్నాను.

ఇంట్లో అంతా బాగున్నారు. అమ్మ మోకాళ్ళు అట్లాగే ఉన్నాయి. చిన్నోడు బెంగుళూరులో చేరాడు, అక్కడి సాంబారులో బెల్లం వేస్తారని ఏడుస్తున్నాడు. మీ అన్న శనగకు దుక్కి చేయించి వాన కోసం చూస్తున్నాడు. నీ 'ఏనుగు' ఇంకా బతికే ఉంది, మొన్న సినిమాహాలు సందులో కనపడి నిన్ను అడిగింది. నేనేం చెప్పానో చెప్పను. సరే, ఇవన్నీ అయిపోయినట్టే.

రేయ్, పోయిన శనివారం నేను కలివి కోడి కోసం పోయాను!

అవును, అదే. మనం టెన్త్‌లో ఉన్నప్పుడు, 1986 జనవరిలో, రెడ్డిపల్లె దగ్గర దొరికిందని ఊరంతా గోల అయిన పిట్ట. 1848లో జెర్డాన్ దొర కనిపెట్టాడు, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, ఇక లేదనుకున్నారు. చివరికి పిట్టలు పట్టే ఐతన్న రాత్రిపూట టార్చి వేసి పట్టుకొచ్చాడు. పాపం, పిట్ట బతకలేదనుకో. ఆ వార్త విని నువ్వూ నేనూ మీ నాయన మూడు బ్యాటరీల టార్చి ఎత్తుకుని బయల్దేరడం, ఆ దిగుడుబావి, ఆ పసుపు పంచె... ఇంతకన్నా రాయను. ఈ ఉత్తరం ఎవరి చేతిలోనైనా పడితే ఇద్దరి పరువూ గోవిందా.

మా అక్క కొడుకు గిరి పిలిచాడు. డిగ్రీలో జువాలజీ తీసుకున్నాడు కదా. "మామా, మా సార్‌తో నలుగురం బద్వేలు పక్కకు పోతున్నాం. అడవిలోకి కాదు, అంచున సార్ వాళ్ళ బంధువుల పొలం ఉంది. చీకటి పడ్డాక కూత వినపడుతుందేమో చూద్దామని. రా" అన్నాడు.

రానన్నాను.

ఎందుకో నీకు చెప్పాలి. పోయిన ఏడాది కడపలో చెవి డాక్టరు దగ్గరికి పోయానని మాత్రమే నీకు తెలుసు. అక్కడ అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడగానే బటన్ నొక్కమన్నారు. నొక్కుదామంటే ఏది వాళ్ళు వేసిన శబ్దమో, ఏది నా చెవుల్లో ఎప్పుడూ ఉండే సొంత మోతో తెలిస్తే కదా! గ్రాఫు చూపించారు. గీత చక్కగా వచ్చి వచ్చి 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి శబ్దాల దగ్గర, గుంతలో పడింది. పరీక్ష చేసిన అమ్మాయి గ్రాఫు చూసే అడిగింది, "మిషన్ల దగ్గర పని చేస్తారా అంకుల్?" అని. ఎర్రగుంట్లలో నాపరాయి కోసే బ్లేళ్ళు, పాలిష్ మిషన్లు, రేకుల షెడ్డు. చెవులకు మఫ్‌లు పెట్టుకోమన్నవాడు ఆ రోజుల్లో ఒక్కడూ లేడు. తర్వాత నా చెవిలో మోత ఎంత సన్నటిదో రకరకాల శబ్దాలు వినిపించి పట్టుకుంది. సుమారు 6000 హెర్ట్జ్ దగ్గర కుదిరింది.

లోపల కాక్లియా అనే భాగంలో సన్నటి వెంట్రుక కణాలుంటాయట. అవి పోతే మళ్ళీ మొలవవు. అటునుంచి రావలసిన శబ్దం తగ్గేసరికి మెదడు వినికిడిని ఎక్కువ చేసుకుని, లేని మోతను వింటూ కూర్చుంటుందట. టిన్నిటస్ అంటే ఇదే. మాత్రతో పోయేది కాదు, అలవాటు పడాలి, నిశ్శబ్దంగా ఉండే గదిలో పడుకోవద్దు, ఫ్యానో రేడియోనో చిన్నగా పెట్టుకో, ఇష్టమైన పనులు మానొద్దు అన్నాడు డాక్టరు. మా వీధిలో ఒకాయన వెల్లుల్లి కాచిన నూనె పోయమన్నాడు. డాక్టరు చెవిలో ఏమీ పోయొద్దని గట్టిగా చెప్పాడు, ఆ నూనె మా ఆవిడ పప్పులో తాళింపు వేసింది.

ఇష్టమైన పనులు మానొద్దంట! నా ఇష్టమైన పనే వినడం కదరా. నువ్వు చూసి చెప్పేవాడివి, నేను విని చెప్పేవాణ్ణి. పెరట్లో దానిమ్మ చెట్టు మీద తేనెపిట్ట వాలుతుంది. మూరెడు దూరంలో ఉంటాను. ముక్కు తెరుచుకుంటుంది, గొంతు కింద ఈకలు వణుకుతాయి, తోక అదురుతుంది. నాకు మాత్రం గీ... అని నా సొంత గోలే. ఆరోజే బైనాక్యులర్సూ, నోటు పుస్తకమూ అటకెక్కించాను. రాత్రి రెండింటికి లేచి డాబా మీద తిరిగేవాణ్ణి. ఊరంతా నిద్రపోయాక ఇది ఇంకా పెరుగుతుంది. ఆ రోజుల్లో ఏమేం ఆలోచించానంటే... వద్దులే. నువ్వు అక్కడ ఒక్కడివే ఉంటావు, ఎందుకు.

మొత్తానికి గిరిగాడు వదల్లేదు. అటకెక్కి వాడే బైనాక్యులర్స్ దించి, దుమ్ము తుడిచి, బండెక్కించాడు. మైదుకూరులో టీ తాగుతూ ఒక సంగతి చెప్పాడు. 1953లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, చెవులు శుభ్రంగా పనిచేసే 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టారట. అందులో 94 శాతం మందికి ఏదో ఒక మోత వినపడిందట! "అందరి తలకాయల్లోనూ ఉంది మామా, నీకు కనెక్షన్ పర్మినెంట్ అయింది, అంతే" అన్నాడు వెధవ. ఏడాదిలో మొదటిసారి ఆ విషయం మీద నవ్వాను, టీ ముక్కులోకి పోయింది.

పొలం చేరేసరికి పొద్దు వాలింది. ఎదురుగా లంకమల కొండలు. కలివి పొదలు, రేగు, తుమ్మ, మధ్యలో ఎర్రమన్ను ఖాళీలు. ఆ పిట్టకు ఇట్లాంటి చోటే కావాలట, పొద మరీ దట్టమైనా ఉండదు, మొత్తం కొట్టేసినా ఉండదు. తెలుగుగంగ కాలువ దారి కూడా దీనికోసమే మార్చారని సార్ చెప్పాడు. మనిషి నిదానస్తుడు, మన 'డీజిల్ ఇంజన్' సార్‌కు పూర్తిగా వ్యతిరేకం. రూల్స్ పెట్టాడు: మాట్లాడొద్దు, టార్చి ఊరికే వేయొద్దు, ఫోన్లో ఆ పిట్ట కూత పెట్టి పిలవొద్దు, దానికి ఇబ్బంది. పొద్దుగూకిన తర్వాత కాసేపే కూస్తుందట, రెండు ముక్కల కూత. కూర్చునే చోట కట్లపాములున్నాయేమోనని నేను రెండుసార్లు అడిగితే, ఉంటాయి సార్, అన్నాడు చాలా మర్యాదగా.

చీకటి పడింది. కీచురాళ్ళు మొదలుపెట్టాయి చూడూ, ఒకటి, పది, ఆ తర్వాత భూమంతా. ముందు నా ప్రాణం ఉసూరుమంది. ఇంట్లో ఉన్నది చాలదని ఇక్కడికి కూడా వచ్చి అదే వినాలా అనుకున్నాను. కాసేపటికి ఒక తమాషా జరిగింది. నాది ఏదో, వాటిది ఏదో తెలియడం మానేసింది. వెతికాను. తల అటు తిప్పాను, ఇటు తిప్పాను. దొరకలేదు. రెండూ కలిసిపోయాయిరా! ఏడాదిగా నా ఒక్కడి తలలో ఉన్న గోల ఆ గడ్డిలో, ఆ పొదల్లో, అందరి ముందరా ఉంది. భుజాలు కిందికి దిగాయి. అంతసేపు బిగబట్టుకుని ఉన్నానని అప్పుడే తెలిసింది.

గిరి తన ఫోన్ నా ముందు పెట్టాడు. మెర్లిన్ అని ఒక యాప్ ఉంది, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళది. పిట్ట కూస్తే పేరు చెప్తుంది, పనిలో పనిగా శబ్దాన్ని బొమ్మగా గీస్తూ పోతుంది. సన్నటి శబ్దం పైన, లావు శబ్దం కింద. కీచురాళ్ళు పైభాగంలో మందపాటి పట్టీగా పరుగెత్తుతున్నాయి. కింద అప్పుడప్పుడూ చిన్న గీతలు, దూరంగా నెమలి అరిస్తే ఒక వంపు. నేను వినలేనివన్నీ కళ్ళకు కనపడుతున్నాయి! ఆ దానిమ్మ చెట్టు తేనెపిట్ట గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చీకటి కాబట్టి సరిపోయింది.

అప్పుడు గిరి నా చెయ్యి పట్టుకుని గుసగుసగా, "మామా, కీచురాళ్ళు ఆగిపోయాయి, ఎవరో వస్తున్నారు" అన్నాడు.

"ఎక్కడ ఆగాయిరా, అరుస్తున్నాయి కదా!" అన్నాను నేను. గుసగుసగా అన్నాననే అనుకున్నాను. పొలం అవతల దాకా వినపడిందట.

వాడు ఫోన్ చూపించాడు. పైన పట్టీ లేదు. శుభ్రంగా తుడిచేసినట్టుంది. నా చెవుల్లో మాత్రం మోత మోతే. అంటే ఇప్పుడు వినపడేదంతా అచ్చంగా నాదే అన్నమాట! ఇంతకాలం తలుపులు వేసుకుని ఏడ్చిన దాన్ని ఆ తెర మీద ఖాళీగా చూస్తుంటే నాకు ఆగని నవ్వొచ్చింది. గిరికి అంటుకుంది. వెనకాల ఆడపిల్లకు అంటుకుంది. సార్ ఒక్కడే గంభీరంగా కూర్చున్నాడు, ఆయన భుజాలు కూడా ఊగుతున్నాయి.

వచ్చినవాడు గొర్రెల కాపరి, ముసలాయన. గొంగడి, చేతిలో కట్టె. చీకట్లో నోరు మూసుకుని నేల చూస్తూ కూర్చున్న మా గుంపును చూసి నిలబడిపోయాడు. "ఎవురబ్బా? బోరుకు నీళ్ళు జూస్తాండారా?"

సార్ కలివి కోడి అన్నాడు. "ఓ, దానికా! నా మీసం మొలవక ముందు నుంచీ దానికోసరం జీపులొస్తానే ఉండాయి. అది మాత్రం ఎవుర్నీ చూడ్డానికి రాదు" అని నాలుగు పోకలు అడిగి, లేవంటే విసుక్కుని పోయాడు. ఇంతకన్నా మంచి మాట ఆ పిట్ట గురించి ఇంకెవరైనా చెప్పారేమో చూడు.

ఆయన పోయాక, కీచురాళ్ళు ఇంకా మొదలుపెట్టక ముందు, ఆ సందులో ఒక శబ్దం విన్నాను. గచ్చు మీద గోలీ వదిలితే టక్, టక్, టక్ టకటకా అని దొర్లిపోతుందే, అట్లా. చెయ్యి ఎత్తి చూపించాను. మిగతావాళ్ళు ఇంకా నవ్వాపుకునే పనిలో ఉన్నారు. సార్ తల తిప్పి విని, "నైట్‌జార్. భలే పట్టారండీ" అన్నాడు. లావు శబ్దం కదా, నాకు ఆ భాగం ఇంకా బాగానే ఉంది. వెనక్కి వస్తుంటే ఆ రాత్రి పిట్ట బాట మధ్యలో కూర్చుని ఉంది, టార్చి పడగానే కళ్ళు నిప్పుకణికల రంగులో మెరిశాయి. మట్టి రంగు ఈకలు, కాలు వేస్తే తొక్కేంత దగ్గరలో ఉంది, కదలదు.

కలివి కోడి కూయలేదు. లేదా కూస్తే మాకు అందలేదు. నాకేం బాధ లేదు, నువ్వు నమ్మినా నమ్మకపోయినా.

ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటింది. మర్నాడు నిద్ర చాలక మోత రెట్టింపైంది, అదీ చెప్పాలి. నయమైపోయిందని మీ ఆవిడతో చెప్పి టముకు వేయించొద్దు. అయినా నోటు పుస్తకం కిందికి దిగింది. ఈరోజు పొద్దున పెన్న ఒడ్డున తీతువు, జెముడుకాకి, పసరిక పిట్ట రాశాను. మోత ఎంతుందో కూడా రోజూ పక్కన రాసుకుందామనుకున్నా కానీ డాక్టరు వద్దన్నాడు, కొలిచేకొద్దీ ధ్యాసంతా దానిమీదే ఉంటుందట. ఆయన మాట సబబే అనిపించింది.

నువ్వు కంప్రెసర్ల మధ్య పని చేస్తావు కాబట్టి ఒక్కటి విను. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదట, 3 పెరిగితే ఆ టైము సగానికి తగ్గుతుందట. పక్కవాడితో అరిచి మాట్లాడాల్సి వస్తుందంటే అక్కడ మోత ఎక్కువున్నట్టే. మఫ్‌లు ఇస్తే పెట్టుకో, ఇవ్వకపోతే అడుగు. ఒక్క చెవిలోనే మోత వచ్చినా, నాడి కొట్టుకుంటున్నట్టు వినపడినా, ఉన్నట్టుండి వినికిడి తగ్గినా ఆలస్యం చేయకుండా చూపించుకో. చెక్కభజనలో నా పక్కన తాళం తప్పేవాడివి నువ్వొక్కడివే, నీ చెవులు బాగుండాలి.

ఈ కాగితం మీ వీధి ఖాదర్ తమ్ముడు తెస్తున్నాడు, సాయంత్రం చెన్నైకి బండి. దీంతోపాటు కారం పొడి, చింతకాయ తొక్కు పంపుతున్నాను. తొక్కు డబ్బాకు రెండు కవర్లు చుట్టించాను, పోయినసారి నీ తెల్లచొక్కాకు పట్టిన గతి నాకు గుర్తుంది.

ఇంకో సంగతి. జనవరిలో సెలవుకు వస్తానన్నావు కదా, సార్‌ను అడిగాను, మళ్ళీ పోదామన్నాడు. నువ్వు చూడు, నేను వింటాను, పైన పట్టీ సంగతి గిరి ఫోన్ చూసుకుంటుంది. పసుపు పంచె మాత్రం తేవొద్దు. ఆ బావి ఇంకా ఉందో లేదో కనుక్కున్నాను, అక్కడ ఇప్పుడు

బండి వచ్చేసింది, హారన్ కొడుతున్నాడు, మా ఆవిడ అరుస్తోంది. బావి సంగతి ఫోన్లో చెప్తా, గట్టిగా మాట్లాడు.

నీ
చెన్నకేశవులు