మా తాళపత్రాల కాపీ మాకిప్పించండి: కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

పాత రాతప్రతులను గుర్తించి భద్రపరిచే జ్ఞాన భారతం మిషన్ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 2025 బడ్జెట్‌లో రాతప్రతుల కేటాయింపు 3.5 కోట్ల నుంచి 60 కోట్లకు పెరిగిందని విని మా గ్రంథాలయంలో అందరం సంబరపడ్డాం. ప్రైవేటు సేకరణలనూ కలుపుకుంటామన్నారు కదా, ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇదివరకు పెట్టుకున్న అర్జీలకు ఎక్కడి నుంచీ ఉలుకూ పలుకూ లేక ఇలా అందరి ముందూ అడగాల్సి వస్తోంది.

మాది గుంటూరు జిల్లాలో చిన్న గ్రంథాలయం. వైద్యుల ఇళ్లలో, పురోహితుల ఇళ్లలో అటకల మీద పడి ఉన్న తాళపత్రాలను మా పెద్దలు అడిగి తెచ్చి భద్రం చేశారు. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ వాళ్లు వాటికి ఫొటోలు తీసి డిజిటల్ కాపీ చేస్తామని వచ్చారు. డబ్బు ఒక కంపెనీది, కెమెరాలూ సాఫ్ట్‌వేరూ ఇంకొకరివి, పని ఈ సంస్థది. మా కమిటీ సంతోషంగా సంతకం పెట్టింది. వచ్చిన పిల్లలు ఎంతో శ్రద్ధగా పనిచేశారు, ఆ మాట చెప్పకపోతే పాపం. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, ఆకుకు నిమ్మగడ్డి నూనె రాసి, అక్షరం కనబడనిచోట మసి పూసి తుడిచి, రెండువైపులా ఫొటో తీశారు. తాడు దూర్చే రంధ్రం దగ్గర విరిగిన ఆకులను కూడా ముక్కకు ముక్క చేర్చి తీశారు. నెలలో హార్డ్ డిస్క్ ఇస్తామన్నారు, ఆన్‌లైన్‌లో పెడతామన్నారు.

ఇవ్వలేదు, పెట్టలేదు. సంస్థను అడిగితే ప్రాజెక్టు అయిపోయింది, కంపెనీ అనుమతి కావాలన్నారు. కంపెనీని అడిగితే మేం డబ్బు ఇచ్చేశాం, డేటాతో మాకు సంబంధం లేదన్నారు. మూడో వాళ్ల ఫోన్ నంబరే పనిచేయడం లేదు. ఒప్పందం తీసి చదివితే స్కానింగ్‌కు ఆకుకింత అని లెక్క ఉంది. ఆ ఫొటోలు ఎవరు దాచాలి, ఎన్నేళ్లు దాచాలి, సర్వర్ ఖర్చు ఎవరు భరించాలి అన్నది ఒక్క వాక్యం కూడా లేదు. మాకు కాపీ ఇవ్వాలన్న షరతూ లేదు, అదంతా నోటిమాటే.

ఈలోగా ఒక వైద్యగ్రంథం కట్టకు పురుగు పట్టింది. పసిపిల్లల దగ్గుకూ, పశువుల పొదుగువాపుకూ మందులు రాసిన కట్ట అది. ఇప్పుడు తాడు విప్పితే పొడి రాలుతోంది. ఆ ఆకుల ఫొటోలు ఎవరి డిస్కులోనో ఉన్నాయి. అది ఇంకా పనిచేస్తోందో లేదో తెలియక మాకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఇది మా ఒక్కరి కష్టమే అయితే మీదాకా వచ్చేవాళ్లం కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి మీకు తెలుసు. ప్రభుత్వం, బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికా కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కలిసి వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేయించాయి. తర్వాత ఆ సైటే తెరుచుకోకుండా పోయింది. ఆ పుస్తకాల్లో చాలావరకు ఇవాళ చదవగలుగుతున్నామంటే ఔత్సాహికులు వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలోకి ఎక్కించి పెట్టబట్టే. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగితే అంతటి బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి నిలిచిపోయాయి. ఒకేచోట దాస్తే ఎంతటివారికైనా ప్రమాదమే. అయితే అదే బ్రిటిష్ లైబ్రరీ, ఆర్కేడియా అనే దాతృసంస్థ డబ్బుతో 2004 నుంచి నడుపుతున్న అంతరించిపోయే పత్రాల కార్యక్రమంలో ఒక మంచి నియమం ఉంది. అసలు ప్రతులు దేశం దాటకూడదు, డిజిటల్ కాపీ స్థానికంగానూ ఉండాలి. పరాయి దేశం వాళ్లు పెట్టుకున్న నియమం మన ఒప్పందాల్లో ఎందుకుండకూడదు?

దయచేసి వినండి. మీరు ఇకముందు ఏ కంపెనీతో, ఏ విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేసినా, ప్రతులు ఇచ్చినవాళ్లకు కాపీ అందాకే ఆఖరి వాయిదా డబ్బు విడుదల చేయండి. స్కానింగ్‌కు ఇచ్చినట్టే దాచడానికీ ఏటేటా నిధులివ్వండి. కనీసం రెండు మూడు చోట్ల కాపీలుంచండి. మా డిస్కు మాకిప్పించండి, అన్నిటికంటే ముందు అది.

ఒప్పందం నకలూ, మేం పెట్టుకున్న అర్జీల నకళ్లూ మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఏ అధికారిని కలవమంటే వారి దగ్గరికి మేమే వస్తాం. ఎవరిని కలవాలో ఒక్క జవాబు రాయించండి.

ఇట్లు,
ఒక గ్రామ గ్రంథాలయ కమిటీ సభ్యుడు,
గుంటూరు జిల్లా