రోబో ఒక్క రోజు వచ్చి వెళ్తే సరిపోదు

సంపాదకుడు గారికి,

నేను హైదరాబాద్ శివారులోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెబుతాను. కిందటి ఏడాది నగరంలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంజినీరింగ్ విద్యార్థులు వచ్చి, ఒక రోజంతా మా తొమ్మిదో తరగతి పిల్లలకు రోబోటిక్స్ పరిచయం చేశారు. ఆ రోజు గురించే ఈ ఉత్తరం.

నేల మీద నల్ల టేపు అంటించి, దాని వెంబడి నడిచే చిన్న బండిని వదిలారు. గదిలో బాగానే తిరిగిన బండి వరండాలోకి రాగానే దారి తప్పింది. వచ్చిన అబ్బాయి కారణం చెప్పకుండా "ఎందుకు తప్పిందో మీరే చూడండి" అన్నాడు. పిల్లలు బ్యాటరీ అన్నారు, చక్రం అన్నారు, టేపు ఊడిందన్నారు. చివరికి వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి తన పరీక్ష అట్ట తెచ్చి, బండికి ఎండ తగలకుండా అడ్డం పట్టింది. బండి మళ్లీ టేపు మీదికి వచ్చేసింది! కింద ఉండే సెన్సర్ పరారుణ కిరణాలు పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి నలుపో తెలుపో పోల్చుకుంటుందనీ, ఎండలోనూ ఆ కిరణాలే ఉంటాయి కాబట్టి తికమక పడిందనీ తర్వాత వివరించారు. అప్పటికే సగం కనిపెట్టేసిన ఆ అమ్మాయి, నా క్లాసులో ఏడాదంతా నోరు విప్పని పిల్ల.

ప్రతిధ్వని పాఠంలో దూరం కట్టేటప్పుడు రెండుతో ఎందుకు భాగించాలో ఏటా చెబుతాను, పిల్లలు ఏటా రాసుకుంటారు. ఆ రోజు అల్ట్రాసోనిక్ సెన్సర్ ముందు పుస్తకం నిలబెట్టి, శబ్దం వెళ్లి వచ్చిన సమయంతో లెక్క కడితే దూరం రెట్టింపు వచ్చింది. స్కేలు పెట్టి కొలిచి చూసి "మేడం, ఇందులో పోనూ రానూ రెండూ కలిశాయి" అని వాళ్లే అన్నారు.

సాయంత్రం ఫొటోలు దిగారు, సర్టిఫికెట్లు ఇచ్చారు, సామానంతా పెట్టెల్లో సర్దుకుని వెళ్లిపోయారు. ఆ విద్యార్థులను తప్పుపట్టను, మనసు పెట్టి చెప్పారు. కానీ ఆ తర్వాత విశ్వవిద్యాలయం నుంచి ఎవరూ రాలేదు. అట్ట పట్టిన పిల్ల మాత్రం నెల రోజులు ప్రతి సోమవారం "వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారు మేడం?" అని అడిగింది. బండిని నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు ఒక్కటి, రెండు సెన్సర్లు బడిలో వదిలి వెళ్లినా, నాకు రెండు రోజులు నేర్పినా, నేనే ఏదో ఒకటి చేయించేదాన్ని. కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే ఆర్డుయినో లాంటి బోర్డు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది.

మన నగరానికి ఏం తక్కువ? ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాల 1929 నుంచి ఉంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో రోబోటిక్స్ పరిశోధనకు ప్రత్యేక కేంద్రమే ఉంది. రాయదుర్గంలో కొత్త పరికరాల నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ కేంద్రం ఉంది. అయినా మా పిల్లల్లో చాలామందికి జేఎన్‌టీయూ అంటే మెట్రో స్టేషన్ పేరు. ఆ గేటు లోపలికి తామూ వెళ్లవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబులు 50,000 పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. సంతోషం. గది వస్తుంది, సామాను వస్తుంది. అందులో పిల్లల పక్కన కూర్చునేది ఎవరు? ఇంజినీరింగ్ కాలేజీల్లో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) వలంటీర్లు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. అందులో కొన్ని గంటలు దగ్గరలోని ఒక ప్రభుత్వ బడికి కేటాయించమని నా విన్నపం. ప్రతిసారీ ఒక కొత్త బడికి తిరగకుండా, నెలకో శనివారం అదే బడికి, అదే పిల్లల దగ్గరికి రావాలి. మొదటిసారి చేసిన బండి పాడైతే రెండోసారి వచ్చినప్పుడు బాగుచేసుకోవాలి. అసలు నేర్చుకునేది అక్కడే.

వాళ్లు రాలేకపోతే మేమే వెళ్తాం. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు సిటీ బస్సు ఉచితం, మగపిల్లలకు పాస్‌లున్నాయి. ఏ విశ్వవిద్యాలయమైనా ల్యాబ్ తలుపు తెరుస్తామంటే నలభై మందిని వెంటబెట్టుకుని రావడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఈ ఏడాదిలోనే ఒక తేదీ చెప్పండి.

— ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయురాలు, హైదరాబాద్