చెక్-ఇన్ రాత్రి పెట్టించే సంతకం సమ్మతి కాదు

సంపాదకుడు గారికి,

బెంగళూరులో జరిగే బయో ఈక్వివలెన్స్ పరీక్షలకు (చవక మాత్ర అసలు మాత్రకు సమానమా అని తేల్చే పరీక్షలకు) తెలుగు జిల్లాల నుంచి యువకులు వస్తూనే ఉన్నారు. 2017లో మందుల పరీక్షలకు వెళ్లిన కరీంనగర్ జిల్లా యువకుల ఉదంతం పత్రికలకెక్కినప్పుడు నాలుగు రోజులు గగ్గోలు పుట్టి సద్దుమణిగింది. ఈ పరీక్షలు ఆపేయాలని మేం అనడం లేదు. పేటెంటు తీరిన మందును చవకగా తయారుచేసే కంపెనీ, తన మాత్ర కూడా అసలు మాత్రలాగే రక్తంలోకి చేరుతుందని చూపించాలి. అది మామూలుగా ఆరోగ్యవంతుల రక్తంలో కొలిచే తేలుస్తారు. మనకు బీపీ మాత్ర తక్కువ ధరకు దొరకడం వెనక వీళ్ల రక్తం ఉంది. అందుకే వీళ్ల సమ్మతి ఎలా తీసుకుంటున్నారో అడగాల్సిన బాధ్యత మనందరిదీ.

పరీక్షకు సాధారణంగా రెండు పీరియడ్లు, అంటే విడతలు, ఉంటాయి. మొదటిసారి సగం మందికి కొత్త కంపెనీ మాత్ర, మిగతావారికి అసలు మాత్ర ఇస్తారు. రెండోసారి తారుమారు చేస్తారు. మొదటి మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి మధ్యలో కొన్ని రోజులు విరామం. రాత్రంతా కనీసం 10 గంటలు ఉపవాసం, పొద్దున సుమారు 240 మిల్లీలీటర్ల నీళ్లతో మాత్ర, తర్వాత మరో 4 గంటలు తిండి ఉండదు. చేతికి కాన్యులా (రక్తం తీసే సన్నగొట్టం) పెట్టి పీరియడ్‌కు 18 సార్లు, సారికి 5 మిల్లీలీటర్ల చొప్పున తీశారనుకుంటే రెండు పీరియడ్లకు 180 మిల్లీలీటర్ల రక్తం. పరీక్షకు పనికొస్తారో లేదో ముందుగా చూసే స్క్రీనింగ్‌కు తీసేది దీనికి అదనం.

ఇంత వివరం ఉన్న సమ్మతి పత్రాన్ని చెక్-ఇన్ సాయంత్రం, అంటే పరీక్షా కేంద్రంలో చేరే పూట, చేతిలో పెడితే ఎవరు చదువుతారు? అప్పటికే చార్జీలకు డబ్బు ఖర్చయింది, ఏజెంటుకు మాటిచ్చేశాడు, ఇంకాసేపట్లో ఉపవాసం మొదలు. ఆ గదిలో అందరూ సంతకం పెడుతుంటే ఒక్కడే లేచి ‘నాకు అర్థం కాలేదు’ అనలేడు. సమ్మతిని వీడియో తీయాలన్న నిబంధన కూడా ఇతనికి అక్కరకు రాదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు దాన్ని పూర్తిగా కొత్త రసాయనాల ట్రయల్స్‌లో, అదీ బలహీన వర్గాలవారికి పరిమితం చేశాయి. జెనరిక్ మాత్రల (పేటెంటు తీరిన మందుల చవక రకాల) పరీక్ష ఆ లెక్కలోకి రాదు.

దీన్ని మార్చడానికి పెద్ద ఖర్చు లేదు. తెలుగు పత్రాన్ని స్క్రీనింగ్ రోజే ఇచ్చి ఇంటికి పంపాలి. సంతకానికి ముందు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగాలి: మందు పేరేమిటి, రక్తం ఎన్నిసార్లు తీస్తారు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది, ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? జవాబు చెప్పలేనివారికి మళ్లీ వివరించాలి. ఇలాంటి పరీక్షలను పరిశీలించి ఆమోదించే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలని, సగం మంది, అధ్యక్షుడు సహా, ఆ సంస్థకు బయటివారై ఉండాలని, ఒక సామాన్య పౌరుడు ఉండాలని చట్టమే చెబుతోంది. ఆ సామాన్య సభ్యుడు ఫారం చదివి ఆమోదించడంతో ఆగకుండా, చెప్పకుండా వెళ్లి సమ్మతి తీసుకునే గదిలో ఒక పూట కూర్చోవాలి. కాగితం మీద సంతకాలన్నీ ఉన్నా సమ్మతి లేకపోవచ్చని 2009లో ఖమ్మం జిల్లాలోనే చూశాం. 10-14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునేది) వేసిన ఆ ప్రాజెక్టులో రెండు వేలకు పైగా ఫారాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. తర్వాత చనిపోయిన కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ తేల్చింది. అంతమాత్రాన ఆ సంతకాలు సరైనవైపోవు.

డబ్బు ఇచ్చే తీరు కూడా మారాలి. ఎక్కువ మొత్తాన్ని చివరి పీరియడ్ దాకా ఆపితే, కళ్లు తిరిగినవాడు ఆ సంగతి దాచేస్తాడు, చెబితే తీసేస్తారని భయం. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతి అయితే అతని రక్తం కొలతలు పరీక్షకు పనికిరావు కాబట్టి అదీ దాస్తాడు. ఉన్నన్ని రోజులకు లెక్కగట్టి ఇచ్చేస్తే ఈ భయం ఉండదు.

ఇంకా ప్రమాదకరమైనది ఒక పరీక్ష అయ్యీ అవగానే మరో కంపెనీకి వెళ్లడం. మామూలుగా 90 రోజుల ఎడం అడుగుతారు కానీ వాలంటీరు మాటే సాక్ష్యం. రక్తహీనత ఒక నష్టం. రెండోది, వెనకటి మందు ప్రభావం మిగిలి ఉంటుంది: క్షయకు వాడే రిఫాంపిసిన్ లాంటి మందు వేసుకున్నవారిలో కాలేయం చాలా మందులను త్వరగా కరిగించేస్తుంది, మానేశాక కూడా దాదాపు రెండు వారాలు అలాగే. అప్పుడు కొలతలు తప్పుతాయి, ఆ తప్పు లెక్కతో బజారులోకొచ్చే మాత్రను మింగేది రోగులు. బ్రిటన్‌లో దీనికి టాప్స్ అనే ఉమ్మడి రిజిస్టర్ ఉంది, ఫ్రాన్స్‌లో చట్టబద్ధమైన జాతీయ జాబితా ఉంది. మన 2019 నిబంధనల్లో అలాంటి మాటే లేదు. రాష్ట్రాల సరిహద్దులు దాటి తిరిగే వాలంటీర్లకు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే దాన్ని పెట్టాలి.

పరీక్షకు వెళ్లే తమ్ముళ్లకు, వాళ్ల ఇళ్లవారికి రెండు మాటలు. తీవ్రమైన అనారోగ్యాన్ని పరిశోధకుడు 24 గంటల్లోగా పైవారికి తెలపాలి, వైద్యం ఉచితంగా చేయించాలి. ఊరెళ్లాక జ్వరమొచ్చి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ఇవేవీ కదలవు. అందుకే స్టడీ నంబరు, మందు పేరు, రాత్రీపగలూ పలికే ఫోన్ నంబరు ఉన్న కార్డు అడిగి తీసుకోండి, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు అది చూపండి. ఫారంలో నామినీ పేరు రాయాల్సిన చోటుంది. పరీక్ష వల్ల 25 ఏళ్ల ఆరోగ్యవంతుడు చనిపోతే నిబంధనల్లోని సూత్రం ప్రకారం కుటుంబానికి రావాల్సింది దాదాపు 70 లక్షల రూపాయలు. ఆ పేరు మీరే రాయండి, సంతకం చేసిన ఫారం నకలు ఇంట్లోవాళ్లకు ఇచ్చి రండి.

– ఎథిక్స్ కమిటీల్లో పనిచేస్తున్న కొందరు తెలుగువారు, మారతహళ్లి, బెంగళూరు