ఇంటర్ మార్కులకి మళ్లీ వెయిటేజీ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, పద్దెనిమిదేళ్లయింది. ఇంజనీరింగ్ సీట్ల కోసం పెట్టే ఎప్‌సెట్ ఎంట్రన్స్ గురించి (మా పిల్లలు ఇంకా ఎంసెట్ అనే అంటారు) ఎప్పట్నుంచో రాద్దామనుకుంటున్నా.

మొన్న మా స్టూడెంట్ ఒకమ్మాయి టీసీ కోసం వచ్చింది. వాళ్ల నాన్న మిర్చి రైతు, రెండేళ్లు రోజూ బస్సులో వచ్చి చదువుకుంది, గ్రూప్ సబ్జెక్టుల్లో 600కి 571. ర్యాంకేమో మంచి కాలేజీలో సీటొచ్చేంత రాలేదు. ఎక్కడ పోయిందమ్మా అంటే టైం చాలక చివర్లో నలభై ప్రశ్నలు వదిలేసిందట. నెగటివ్ మార్కులు లేవు కదా, ఏదో ఒకటి క్లిక్ చేయాల్సింది అన్నాను. "తెలియకుండా పెట్టడం తప్పు కదా సార్" అంది. నాకు నోట మాట రాలేదు. కోచింగ్‌లో పిల్లలకి ఆఖరి ఐదు నిమిషాల్లో మిగిలినవన్నీ ఎలా కొట్టాలో కూడా ప్రాక్టీస్ చేయిస్తారు, మా పిల్లలకి ఆ సంగతి ముందే చెప్పకపోవడం నా తప్పే, కానీ అది ఫిజిక్స్ రావడం కాదు కదండీ.

160 ప్రశ్నలు, మూడు గంటలు, అంటే ఒక్కోదానికి 67 సెకన్లు. దాని మీదే ర్యాంకు మొత్తం. ఇంతకుముందు ఎంట్రన్స్‌కి 75 శాతం, ఇంటర్‌కి 25 శాతం కలిపి ఇచ్చేవాళ్లు. కరోనా టైంలో పక్కన పెట్టారు, అప్పుడు పరీక్షలే సరిగ్గా జరగలేదు కాబట్టి సరే అనుకున్నాం, 2023లో మాత్రం తెలంగాణలో పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు ఇంటర్‌లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 40 వస్తే చాలు, ఆపైన 60 వచ్చినా 95 వచ్చినా ఒకటే. ఆంధ్రాలో అదే ఏడాది 25 శాతం మళ్లీ తెచ్చుకున్నారు.

దీనివల్ల క్లాసులో ఏం జరుగుతుందో ల్యాబ్‌కొచ్చి చూడాలి. కాన్వెక్స్ లెన్స్ ప్రయోగంలో సూదిని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఇమేజ్ సరిగ్గా దాని మీదకి వచ్చే చోటు పట్టుకోవడానికి ఓపిక కావాలి, అది దొరికినప్పుడు పిల్లల మొహం వెలిగిపోతుంది. ఈ మధ్య చాలామంది "రీడింగ్స్ చెప్పండి సార్, రికార్డ్‌లో రాసుకుంటాం" అంటున్నారు. డెరివేషన్ బోర్డు మీద మొదలుపెడితే ఫార్ములా ఒక్కటి చాలు సార్ అంటున్నారు. వాళ్లని తిట్టబుద్ధి కాదు, లెక్కలోకి రానిదాని మీద టైం ఎందుకు పెడతారు?

వెయిటేజీ ఉన్నప్పుడు అంతా బాగుందని నేను అనను. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ప్రాక్టికల్స్‌కి అందరికీ 30కి 30 పడేవి, నాకు తెలుసు. అయితే జంబ్లింగ్ పెట్టండి, వేరే కాలేజీలో వేరే ఎగ్జామినర్ ముందు చేయించండి, అది కుదిరేదాకా థియరీ మార్కులే తీసుకోండి. సీబీఎస్ఈ వాళ్ల మార్కులతో పోల్చలేం అంటారు, వేర్వేరు సెషన్లలో పెట్టి ఎప్‌సెట్ మార్కులకే నార్మలైజేషన్ (పేపర్ల కష్టంలో తేడాని బట్టి మార్కులు సరిచేయడం) చేస్తున్నప్పుడు బోర్డుల మధ్య ఎందుకు చేయలేరో నాకైతే అర్థం కాదు.

ఉన్నత విద్యామండలి వచ్చే నోటిఫికేషన్ లోపే దీని మీద నిర్ణయం తీసుకోవాలి. మా ఫస్టియర్ పిల్లలు ఇప్పుడే మొదలుపెట్టారు, ఏది లెక్కలోకి వస్తుందో వాళ్లకి ముందే తెలియాలి.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్, ఖమ్మం జిల్లా