అడవి పంది ఉప్పుకండ ప్యాకెట్ల మీద మేము రాసిన మాట తప్పు

మా దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం.

డాలస్ దగ్గర మేము పచ్చళ్లు, పొడులతో పాటు ఉప్పుకండ కూడా చేస్తున్న సంగతి మీకు తెలుసు. టెక్సాస్‌లో అడవి పందుల వేట ఏడాది పొడవునా సాగుతుంది కనుక, మీలో కొందరు వేటాడి తెచ్చుకున్న మాంసాన్ని పొడవాటి ముక్కలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, ఎండబెట్టి ఇచ్చే పని మూడేళ్ల క్రితం మొదలుపెట్టాము. ఆ ప్యాకెట్ల మీద "మూడు వారాలు ఫ్రీజర్‌లో ఉంచి ఎండబెట్టినది, పురుగుల భయం లేదు" అని అచ్చు వేయించాము. ఆ మాట తప్పు. మీ ఇంట్లో అలాంటి ప్యాకెట్లు ఉంటే దయచేసి తినకండి. తెచ్చి ఇస్తే మా దగ్గర చెల్లించిన కూలి పూర్తిగా తిరిగి ఇస్తాము.

పోయిన నెల ఒక తమ్ముడు ప్యాకెట్ తీసుకుంటూ, "అక్కా, దీన్ని వేయించాలా, ఇలాగే తినవచ్చా?" అని అడిగాడు. ఇలాగే తినవచ్చని చెప్పి పంపాను గాని, ఆ రాత్రి మనసు నిలవలేదు. మరుసటి రోజు ఎండబెట్టే యంత్రంలో ఉన్న ఒక ముక్కలోకి సూది థర్మామీటర్ గుచ్చి చూశాను. యంత్రం 145 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తుండగా, రెండు గంటల తరువాత కూడా ముక్క లోపల 112 దాటలేదు. పచ్చి మాంసంలోని తేమ ఆవిరయ్యేటప్పుడు వేడిని తనతో తీసుకుపోతుంది కాబట్టి, బయటి గాలి ఎంత కాగినా లోపల చల్లగానే ఉంటుంది. అందుకే ఎండబెట్టడానికి ముందే మాంసాన్ని 160 డిగ్రీలకు, అంటే 71 సెల్సియస్‌కు, వేడి చేయాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతోంది. ఆ సూచనను నేను మొదటి రోజే చదివి ఉండవలసింది.

మేము భయం లేదన్న పురుగు ట్రైకినెల్లా. ఇది సన్నని నులిపురుగు. దీని పిల్లలు జంతువు కండలో గూడు కట్టుకుని, అందులో చుట్టుకుని నిద్రాణంగా ఉంటాయి. సరిగా ఉడకని ఆ కండను మనిషి తింటే, కడుపులోని ఆమ్లానికి గూడు కరిగి బయటపడి, చిన్న పేగులో పెద్దవై, కొత్త పిల్లలను వదులుతాయి. అవి రక్తం వెంట వెళ్లి మన కండల్లో గూడు కట్టుకుంటాయి. ఒకటి రెండు రోజుల్లో వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి రావచ్చు. జ్వరం, కండల నొప్పులు, కళ్ల చుట్టూ వాపు సాధారణంగా రెండు వారాల తరువాత మొదలవుతాయి. అప్పటికి ఏ మాంసం తిన్నామో కూడా గుర్తుండదు.

ఫ్రీజర్ మీద నేను పెట్టుకున్న నమ్మకం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆరు అంగుళాల కంటే తక్కువ మందం ఉన్న పంది మాంసాన్ని 5 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర మూడు వారాలు ఉంచితే ఈ పురుగు చస్తుందన్న లెక్క నిజమే, కాని అది పెంపుడు పందులకు చెప్పినది. అడవి జంతువుల్లో చలికి చావని రకాలు కూడా ఉంటాయి. 2022లో సౌత్ డకోటాలో ఒక కుటుంబమంతా కలుసుకున్నప్పుడు, కెనడాలో వేటాడిన నల్ల ఎలుగుబంటి మాంసాన్ని కబాబులు చేసుకున్నారు. దానిని 45 రోజులు ఇంటి ఫ్రీజర్‌లోనే ఉంచారు. మాంసం రంగు ముదురుగా ఉండటంతో ఉడికిందో లేదో కంటికి తెలియలేదు. కొందరు తినడం మొదలుపెట్టాక పచ్చిగా ఉందని గమనించి మళ్లీ కాల్చారు. అయినా ఆరుగురికి జబ్బు చేసింది. వారిలో ఇద్దరు మాంసం ముట్టలేదు, దానితో కలిపి కాల్చిన కూరగాయలు మాత్రమే తిన్నారు. ఇది చదివాక, తలుపు పదే పదే తెరిచే మా ఫ్రీజర్‌ను చూపి మీకు ధైర్యం చెప్పినందుకు నేను నిజంగా బాధపడ్డాను.

మన ఊళ్లలో ఉప్పుకండను దండెం మీద ఎండబెట్టినా, తినే ముందు నూనెలో బాగా వేయిస్తారు, లేదా కూరలో ఉడికిస్తారు. రక్షణ ఆ చివరి వేడిలోనే ఉంది. ఇక్కడ మన పిల్లలు దానిని జెర్కీలాగా, అంటే వేయించకుండానే తినే ఇక్కడి ఎండు మాంసంలాగా, కారులో నములుతున్నారు, మేమూ అలా తినవచ్చనే చెప్పి ఇచ్చాము. మేక మాంసంతో చేసినదానికి ఈ పురుగు భయం దాదాపు లేదు, ఎందుకంటే ఇది ముఖ్యంగా మాంసం తినే జంతువుల్లో, పందుల వంటి సర్వభక్షకుల్లో ఉంటుంది. అయినా ఇతర సూక్ష్మజీవుల కోసం దానినీ ముందుగానే వేడి చేస్తాము.

ఇక నుంచి ప్రతి విడత మాంసాన్ని ఆవిరి మీద 160 డిగ్రీలు దాటించి, మందమైన ముక్కలో థర్మామీటర్ గుచ్చి, ఆ అంకెను ప్యాకెట్ మీద చేత్తో రాస్తాము. వేట మాంసానికి కత్తులు, పలకలు, యంత్రం వేరు చేశాము. మా దగ్గర తీసుకున్నవారెవరికీ జబ్బు చేసినట్టు మాకు తెలియదు. కాని ఈ మధ్య తిని, పైన చెప్పిన లక్షణాలు ఉన్నవారు డాక్టర్‌కు అడవి పంది మాంసం తిన్నామని తప్పకుండా చెప్పండి. దీనికి మందులున్నాయి, తొందరగా మొదలుపెడితే బాగా పనిచేస్తాయి.

ధర పెంచడం లేదు. ముక్క మునుపటి కంటే కొంచెం గట్టిగా ఉంటుంది కాబట్టి, వేయించే ముందు పావుగంట వేడినీళ్లలో నానబెట్టి, తడి బాగా తుడిచి నూనెలో వేయండి.