ఏడాదంతా సీజనే అని చెప్పి జూన్‌లో అండమాన్ పంపారు: నా ఫిర్యాదు

కస్టమర్ కేర్ వారికి,

నమస్కారం. జూన్ 3 నుంచి 8 వరకు మీ ప్యాకేజీలో విశాఖపట్నం నుంచి అండమాన్ వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, పదేళ్ల పాప, మా నాన్నగారు. నలుగురికీ కలిపి 1,52,000 రూపాయలు కట్టాం. వాన పడిందని మీ మీద ఫిర్యాదు చేయడం లేదు, వాన ఎవరి చేతిలోనూ ఉండదు. అది వానాకాలమని మీకు తెలిసి, నేను అడిగినా చెప్పలేదు. నా కోపమంతా దాని గురించే.

మార్చిలో నేను వాట్సాప్‌లో అడిగింది ఒకటే. పాపకు జూన్ 12న స్కూల్ తెరుస్తారు, ఈలోపు ఎప్పుడు వెళితే సముద్రం బాగుంటుంది అని. "అండమాన్‌కి ఏడాదంతా సీజనే సర్, జూన్‌లో అయితే రేట్లు కూడా తక్కువ" అని మీవాళ్లు జవాబిచ్చారు. ఆ స్క్రీన్‌షాట్ జత చేశాను.

నైరుతి రుతుపవనాలు కేరళకు మామూలుగా జూన్ 1న వస్తాయి, అండమాన్‌ను అంతకు వారం పది రోజుల ముందే తాకుతాయి. మన దగ్గర రోహిణి కార్తె ఎండలు మాడ్చేస్తున్నప్పుడే అక్కడ వానలు మొదలైపోతాయి. ఇక్కడి ఎండ చూసి అక్కడా అలాగే ఉంటుందని మేం అనుకున్నాం, అది మా తెలియనితనం. కానీ టూరిస్టులను పంపడమే పనిగా ఉన్న మీకు ఈ సంగతి తెలియదంటే నమ్మలేను.

హేవలాక్‌కు, అదే ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు కదా, మేం వెళ్లాల్సిన రోజు ఫెర్రీ రద్దయింది. మర్నాడు వెళ్లింది గానీ దారి పొడవునా అలలకు పాప వాంతులు చేసుకుంటూనే ఉంది. అక్కడికి చేరాక స్కూబా, అంటే సముద్రం లోపలికి దిగి చూసే డైవింగ్, లేదు, ఎలిఫెంట్ బీచ్‌కు పడవలు వదలడం లేదు. ఆ బీచ్‌లో స్నార్కెలింగ్, అంటే నీటి మీద తేలుతూ అడుగున ఉన్నవి చూడటం, కోసమే మా పాప వేసవి సెలవుల్లో ఈత నేర్చుకుంది, రెండు రోజులు రూమ్ కిటికీ దగ్గర కూర్చుని వాన ఎప్పుడు ఆగుతుందని అడుగుతూనే ఉంది. నీల్ ద్వీపం అసలు చూపించనే లేదు. నాన్నగారికి సెల్యులార్ జైలు చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక, అది మాత్రం గొడుగులు పట్టుకుని చూశాం, ఆయన ఒక్కో గది ముందూ ఆగి ఆగి చూశారు. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో వాన వల్ల ఆపేశారు.

ఇంకో మాట. రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం సాయంత్రం 6 గంటలకు అని మీ ప్లాన్‌లో రాశారు. అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే, అందుకే అక్కడ జూన్‌లో కూడా సూర్యుడు ఐదున్నర దాటగానే మునిగిపోతాడు. ఆ సంగతి కూడా చూసుకోకుండా ఈ ప్లాన్ ఎలా తయారుచేశారు?

వచ్చాక నేనే కూర్చుని పిల్లల సెలవులు ముందు పెట్టుకుని లెక్క చూశాను. జనవరి నుంచి ఏప్రిల్ వరకు అక్కడ వానలు తక్కువ, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అంటే స్కూలు పిల్లలున్న మాలాంటి వాళ్లకు సంక్రాంతి సెలవులు, లేకపోతే వేసవి సెలవులు ఇచ్చిన వెంటనే ఏప్రిల్ చివరి వారం. మే గడిచేకొద్దీ అనుమానమే. దసరా కూడా నమ్మలేం, 2014 అక్టోబరులో మా విశాఖను దెబ్బకొట్టిన హుద్‌హుద్ ముందు అండమాన్‌ను దాటే వచ్చింది. 2016 డిసెంబరు మొదట్లో కూడా తుఫాను వాతావరణం వల్ల హేవలాక్, నీల్ ద్వీపాల్లో చిక్కుకుపోయిన వందల మందిని నౌకాదళం ఓడల్లో తీసుకురావాల్సి వచ్చింది. ఈ నాలుగు ముక్కలు మార్చిలో చెప్పి ఉంటే మేం సంక్రాంతికి ఆగేవాళ్లం, రేటు ఎక్కువైనా సంతోషంగా కట్టేవాళ్లం. వానలో అడవి పచ్చగా ఉంటుంది, జనం తక్కువ, అలా చూడటం ఇష్టమైన వాళ్లూ ఉంటారు, వాళ్లకు జూన్ అమ్మండి. కానీ చెప్పి అమ్మండి.

జరగని స్కూబా, ఎలిఫెంట్ బీచ్ పడవ, నీల్ ద్వీపం ఫెర్రీ, అక్కడి హోటల్, షో టికెట్లు కలిపి మీ బిల్లు ప్రకారమే 38,400 రూపాయలు. అది 15 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. మీ వెబ్‌సైట్‌లో "ఏడాదంతా అనువైన కాలం" అన్న మాట తీసేసి, ఏ నెలలో ఏవి ఆగిపోయే అవకాశం ఉందో తెలుగులో రాయాలి. "వాతావరణానికి మా బాధ్యత లేదు" అనే షరతు చూపించి తప్పించుకోవద్దు, నేను అడిగింది వాతావరణం సంగతే, మీరు తప్పు జవాబిచ్చారు. గడువులోగా సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

బిల్లు, ఫెర్రీ రద్దయినట్టు వచ్చిన మెసేజ్, వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లు ఇందులోనే ఉన్నాయి. ఫోన్ చేయొద్దు, రాతపూర్వకంగానే జవాబివ్వండి.