ఆ పట్టికలో ఎండ లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానాల పట్టిక వేశారు. ధర, సీట్లు, వేగం వరసగా ఇచ్చారు. పైలట్ శిక్షణలో చేరబోతున్న మా తమ్ముడి కూతురు దాన్ని కత్తిరించి తెచ్చి, "పెదనాన్నా, వీటిలో ఏది మంచిది?" అని అడిగింది. ఇరవై ఎనిమిదేళ్లు ఇలాంటి విమానాల్లో కుడిపక్క సీట్లో కూర్చుని పాఠం చెప్పినవాణ్ణి. అయినా ఆ పట్టికను బట్టి బిడ్డకు జవాబు చెప్పలేకపోయాను.

మీ పట్టికలోని సెస్నా 172ఎస్ విమానం నిమిషానికి 730 అడుగులు పైకెక్కుతుందని కంపెనీ పుస్తకం చెబుతుంది. అది సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల చల్లదనంలో లెక్క. మన రేణిగుంట విమానాశ్రయం ఎత్తు సుమారు 350 అడుగులే. కానీ మే నెలలో 42 డిగ్రీలు కాసే మధ్యాహ్నం అక్కడి గాలి ఎంత పలచబడుతుందంటే, విమానం 3,600 అడుగుల ఎత్తులో ఉన్నట్టే లెక్క. తిరుమల ఎత్తు 2,800 అడుగులు. చలికాలం తెల్లవారుజామున కొండమీద ఉండే గాలి కంటే కింద రన్‌వే మీది గాలే పలచన అన్నమాట. ఇంజిన్ బలం తగ్గుతుంది, పరుగు పొడుగవుతుంది, ఎక్కడం మందగిస్తుంది. పక్కనే శేషాచలం కొండలు.

నాలుగు సీట్లని రాశారు. ఆ సెస్నాలో ట్యాంకులు నిండా పోయిస్తే మనుషులకూ సామానుకూ కలిపి మిగిలేది ఇంచుమించు 250 కిలోలు. నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే పెట్రోలు తగ్గించుకోవాల్సిందే.

ఇక నడిపే తీరు. సెస్నా రెక్క నెత్తిమీద ఉంటుంది, రెండు ట్యాంకుల నుంచీ పెట్రోలు ఒకేసారి దిగుతుంది. పైపర్ చెరోకీ విమానానికి రెక్క మన సీటు కిందివైపు ఉంటుంది, ఎడమ ట్యాంకో కుడి ట్యాంకో మనమే తిప్పుకోవాలి. నా తొలి రోజుల్లో ఒకసారి మాటల్లో పడి తిప్పడం మరిచాను. ఇంజిన్ రెండుసార్లు దగ్గినట్టయి, చప్పుడు పడిపోయింది. కుడి ట్యాంకుకు తిప్పి పంపు వేశాక మళ్లీ అందుకోవడానికి కొన్ని క్షణాలే పట్టింది. చేతులు మాత్రం కిందికి దిగేదాకా వణుకుతూనే ఉన్నాయి. ఆ రోజు నుంచి అరగంటకోసారి వాచీ చూసి తిప్పడం అలవాటు చేసుకున్నాను. నా దగ్గర నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ అదే నేర్పాను.

దిగేటప్పుడూ తేడా తెలుస్తుంది. వేగం కాస్త ఎక్కువైతే చెరోకీ రన్‌వేకి జానెడు ఎత్తున తేలిపోతూనే ఉంటుంది, చక్రం ఆనదు. సెస్నాతో వేరే చిక్కు. మలుపు తిప్పితే వాలిన రెక్క రన్‌వేనే కప్పేస్తుంది. కానీ వేగం పడిపోయి రెక్క పట్టు వదిలేటప్పుడు అది ముందే వణికి చెబుతుంది, ముక్కు దించితే బుద్ధిగా మాట వింటుంది. నేర్చుకునే పిల్లలకు అంతకంటే ఏం కావాలి? పట్టికలో మీరు పైన పెట్టిన సిరస్ ఎస్‌ఆర్22కి 310 హార్స్‌పవర్ ఇంజిన్, విమానాన్నే కిందికి దించే పారాచూట్ ఉన్నాయి. మంచి విమానమే, కానీ ఆ వేగానికి కొత్తవాళ్ల ఆలోచన అందదు.

మా పాపకు సెస్నాతో మొదలుపెట్టమని, వేసవిలో పొద్దున ఆరింటి క్లాసు అడగమని చెప్పాను. ఈసారి పట్టిక వేసేటప్పుడు 40 డిగ్రీల ఎండలో నిండు బరువుతో ఎంత ఎక్కుతుందో, ఎంత వేగం దగ్గర రెక్క పట్టు వదులుతుందో రెండు గడులు కలపండి. పాత కత్తిరింపు పాప నోటుబుక్కులో ఉంది, దాని పక్కన అతికించుకుంటుంది.

– ఒక విశ్రాంత విమాన శిక్షకుడు, తిరుపతి